పిడికిట్లో తాళంచెవి

ఆ ఆదివారం పొద్దున నాకు అన్నం సహించలేదు. మధ్యాహ్నం ఆటకు దర్జీ సాబు కొడుకు వస్తానన్నాడు. వాళ్ళ నాన్న పోయాక వాడు ఇల్లు దాటి ఎక్కడికైనా రావడం అదే మొదలు. ఆనాటి ఆటలో నేను నడపాల్సిన ఘట్టమేమో ఒక సమాధిని తవ్వడం.

తొంభైల మొదట్లో సంగతి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ నేనూ, నకిరేకల్ నుంచి వచ్చిన ఒకడూ, కోస్గి నుంచి వచ్చిన ఇంకొకడూ కిరాయి గదిలో ఉండేవాళ్ళం. ఆ వీధి చివరే దర్జీ సాబు దుకాణం. మా ప్యాంట్లన్నీ ఆయన కుట్టినవే. ఆయన కొడుకు మా క్లాసువాడు, మా నాలుగోవాడు.

ఆటంటే పేకాట కాదు. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో నాకొక పలుచని ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. అట్ట లేదు. అందులో ఒక సాహసకథ ఆడుకోవడానికి సిద్ధంగా రాసిపెట్టి ఉంది. ఒకడు దాన్ని నడపాలి. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, ఎదురైనదానికి ఏం చేస్తారో నోటితో చెప్పాలి. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది పాచిక తేలుస్తుంది. పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక ఎలా ఉంటుందో మేం ఎన్నడూ చూడలేదు. స్టీలు గ్లాసులో అంకెల చీటీలు వేసి ఊపి తీసేవాళ్ళం.

నడిపేది నేనే. ఇంకెవరి చేతికీ ఇచ్చేవాణ్ణి కాను, నా బుద్ధే అంత. వారమంతా డిక్షనరీ ముందేసుకుని తెలుగు చేసేవాణ్ణి. మంచుకొండలు తీసేసి కథలోని కోటను అమ్రాబాద్ అడవిలో పెట్టాను. తోడేళ్ళు ఎలుగుబంట్లయ్యాయి. కోట పటాన్ని పలుచని కాగితం మీద దించి, ఆడేవాళ్ళు ఇంకా అడుగుపెట్టని గదుల మీద పాత క్యాలెండర్ ముక్కలు కప్పేవాణ్ణి. ఇంత చేసినా, పుస్తకంలో లేని పని ఎవడైనా చేస్తానన్నాడంటే నాకు చెమటలు పట్టేవి. ఒకసారి కోస్గివాడు కోట సంగతి గాలికొదిలేసి, తొవ్వలో కనబడ్డ గొర్లకాపరితో గొర్ల రోగాల గురించి ముచ్చట పెట్టాడు. ఎంత చెప్పినా లేవడు. చివరికి ఆ మందనంతా ఎలుగుబంటికి తినిపించి కథను దారిలో పెట్టాను.

దర్జీ సాబు కొడుకు పాత్ర ఊరూరా తిరిగే దర్జీ. కత్తి ఇస్తానంటే వద్దన్నాడు, కత్తెర చాలన్నాడు. "గా కత్తెరతోని ఎలుగుబంటికి లాగు కుడ్తవారా" అని నకిరేకల్‌వాడు ఏడిపించేవాడు. వాడు నవ్వి, "కొలతలు తీస్కరా, కుడ్త" అనేవాడు.

కోటలో ఖజానా గది ఉంది. ముసలి కావలివాడు దాని తాళంచెవిని పిడికిట్లో పట్టుకునే ప్రాణం విడిచాడనీ, ఆ పిడికిలితోనే వాకిట్లో పాతిపెట్టారనీ, ఇంకే విధంగానూ ఆ తలుపు తెరుచుకోదనీ పుస్తకంలో ఉంది. ఆ ముక్క గొంతు మార్చి మరీ చదివి వినిపించాను. నాకందులో వింతేమీ కనిపించలేదు. మా ఇండ్లలో పోయినవాళ్ళ నోట్లో బియ్యం పోస్తారు, చేతిలో రూపాయి బిళ్ళ పెడతారు. తాళంచెవి కూడా అలాంటిదే అనుకున్నాను.

మళ్ళీ ఆట కూర్చునేలోపే దర్జీ సాబు కుట్టుమిషన్ మీదికి ఒరిగిపోయాడు.

ఆ తరువాత వాడు కాలేజీకి రాలేదు. మేం ఇంటికి పోతే గడపలో కూర్చుని, అడిగినదానికి ఊ అని, లోపలికి పోయేవాడు. నలభై దినాల ఫాతెహా ప్రార్థనలు అయినాక వాళ్ళమ్మ వీధిలో నన్ను ఆపింది.

"జర ఆనితోని మాట్లాడు బేటా," అన్నది. "నాతోని గూడ మాట్లాడుతలేడు. ఏడుస్తలేడు. మిషన్ ముంగట కూసోని గోడ దిక్కు చూస్తాండు. నాకు బుగులైతాంది."

ఆమె అలా అడిగాక నాకు తోచింది ఈ ఆటే. వాణ్ణి పిలిచాను. వస్తానన్నాడు. వస్తానన్నాకే సమాధి గుర్తుకొచ్చింది. వాడు మధ్యలో లేచిపోతే మళ్ళీ మా గడప తొక్కడు, వాళ్ళమ్మ ముఖం నేను చూడలేను.

తాళంచెవిని వేరేచోట పెడదామని చూశాను. కుదరలేదు. నకిరేకల్‌వాడు విన్న ముక్క మరిచిపోయే రకం కాదు, అబద్ధమని పట్టేస్తాడు. అందుకని ఒక పెద్ద ఎలుగుబంటిని తయారుచేశాను. సాయంత్రం దాకా దానితోనే కొట్లాడించి, వాకిలి దాకా రాకుండా ఆట ముగించాలని నా ఎత్తు. సమాధి ఊసెత్తవద్దని మిగతా ఇద్దరికీ చెప్పాను.

వాడొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చీటీ తీయమంటే తీశాడు, అంకె చూపించాడు, మాట మాత్రం లేదు. ఎలుగుబంటిని ఎంత గర్జింపజేసినా వాడు తలెత్తలేదు. అంతలో కోస్గివాడు గ్లాసులో చెయ్యిపెట్టి అన్నిటికన్నా పెద్ద అంకె తీశాడు. నా ఎలుగుబంటి ఒక్క దెబ్బకు చచ్చింది.

ఇక మిగిలింది వాకిలే. క్యాలెండర్ ముక్క తీయక తప్పలేదు. గెలిచిన ఊపులో కోస్గివాడు పొద్దున చెప్పిందంతా మరిచిపోయాడు.

"గా సమాధి గిదే గద," అన్నాడు. "తవ్వుదాం పా."

నకిరేకల్‌వాడు వాడి తొడ గిల్లాడు. నేను పుస్తకం మూసేశాను.

"ఇయ్యాల్టికి బంద్ పెడ్దాం," అన్నాను. "చాయ్ తాగొద్దాం పాండ్రి."

"ఆగు," అన్నాడు దర్జీ సాబు కొడుకు. "చావి పిడికిట్ల ఉందని ఎవలు చెప్పిన్రు?"

"పుస్తకంల ఉందిరా."

"గా పుస్తకం రాసినోడు ఎన్నడన్న ఎవలనన్న సాగనంపిండా?"

వాడు పటం మీద సమాధి గుర్తునే చూస్తూ మెల్లగా చెప్పాడు.

"మనిషి పోతే స్నానం పోస్తరు. పిడికిలి ముడుసుకొని ఉంటే ఒక్కొక్క ఏలు తెరుస్తరు. ఉంగరముంటే తీస్తరు, తాయెత్తుంటే తీస్తరు. తెల్లబట్ట తప్ప ఏం పోనియ్యరు. మట్టిల చావి లేదు. స్నానం పోసినోని దగ్గరుంటది." తలెత్తి నన్ను చూశాడు. "కావలాయనకు కొడుకున్నడా?"

పుస్తకంలో కొడుకు లేడు. భార్య లేదు, ఇల్లు లేదు, ఉన్నది పిడికిలి ఒక్కటే.

"ఉన్నడు," అన్నాను.

"పిలువు. ఆనితోని మాట్లాడుత."

ఎదురైనవాళ్ళ మాటలన్నీ నడిపేవాడే మాట్లాడాలి, అది ఆట పద్ధతి. అంటే కొడుకును నేనే. వాడు గోడ వదిలి ముందుకు జరిగి, నాకెదురుగా కూర్చున్నాడు. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. అందులో నాకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

"మీ బాపుకు నువ్వే పోసినవా స్నానం?"

"నేనే పోసిన."

"ఏళ్ళు తెరిసింది నువ్వేనా?"

"నేనే."

"గట్టిగ ఉండెనా?"

చచ్చిపోయినవాళ్ళ చెయ్యి నేను అప్పటికి ముట్టుకుని ఎరగను. తప్పు మాట అంటే వాడు లేచిపోతాడని భయం. వాడు కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"గట్టిగ ఉండె," అన్నాను.

"మా అబ్బా ఏళ్ళు గూడ," అన్నాడు వాడు.

చొక్కా జేబులోంచి ఒక చిన్న ఇత్తడి తొడుగు తీసి పటం పక్కన పెట్టాడు. సూది గుచ్చుకోకుండా దర్జీ సాబు వేలికి పెట్టుకునే అంగుస్తాన్. మా ప్యాంట్లు కుట్టేటప్పుడు ఎన్నోసార్లు చూసిందే.

"గిది రాలే," అన్నాడు. "ఏలు ఉబ్బింది. సబ్బు రాసిన. అయినా రాలే. అబ్బాకు నొస్తదేమో అనిపించింది. ఆయనకేం కాదు, గుంజు బేటా అన్నరు పెద్దమనుషులు. గుంజిన. తోలు లేసింది."

అప్పుడు ఏడ్చాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గొంతు పోయేదాకా ఏడ్చాడు. కోస్గివాడు వాడి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. నకిరేకల్‌వాడు కుండలోంచి నీళ్ళు ముంచుకొచ్చి పట్టుకుని నిలబడ్డాడు. వాడు ఏడుస్తుంటే నాకు బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ అంతకన్నా ఎక్కువగా, నా ఛాతీ మీంచి పెద్ద బరువు దిగినట్టయింది.

చాలాసేపటికి వాడు ముఖం తుడుచుకుని, నీళ్ళు తాగి, నా వైపు తిరిగాడు. నేనింకా వాడికి కావలివాని కొడుకునే.

"చావి నీ దగ్గరుంది గద," అన్నాడు.

"ఉంది."

నాకప్పుడు కూడా ఖజానా గది మీద ఆశ పోలేదు. నెల రోజుల కష్టం ఆ గదిలో ఉంది. అడిగితే తక్షణం ఇచ్చేద్దామని నోరు తెరిచాను.

"ఎవలకియ్యకు," అన్నాడు వాడు. "ఉంచుకో."

కోస్గివాడు తన గుర్తుగా పెట్టిన చొక్కా గుండీని వాకిట్లోంచి వెనక్కి జరిపాడు. నకిరేకల్‌వాడూ జరిపాడు. అందరూ కోట దిగి అడవి తొవ్వ పట్టారు. ఖజానా గదిలో ఏముందో నేను వాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. దాని మీది క్యాలెండర్ ముక్క అలాగే ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా వాడితో పాటు వాళ్ళింటిదాకా నడిచాను. గడప దగ్గర వాడు చెప్పులు విడిచి లోపలికి పోయాడు. వాళ్ళింట్లో మాట్లాడేది ఉర్దూ. నేను వెనక్కి తిరుగుతుంటే వాడి గొంతు వినబడింది.

అమ్మీ, అన్నం పెట్టు, నీకొక సంగతి చెప్పాలి అంటున్నాడు.