అన్‌ఫిన్ తాత చేపనూనె చెంచా

మా అన్‌ఫిన్ తాత జేబులో చెంచా లేనిదే గడప దాటడు. చెంచా ఒక జేబులో, కాడ్ చేప కాలేయం నూనె సీసా ఇంకో జేబులో. సెప్టెంబరులో మొదలుపెట్టాడంటే ఏప్రిల్ పోయేదాకా మా దీవిలో ఏ నోరు తెరుచుకున్నా అందులో చెంచా పడాల్సిందే. పాస్టరుగారు ఒకసారి ప్రార్థన మధ్యలో ఆవలించి మింగాడు. అప్పట్నుంచి పళ్లు బిగించే ప్రార్థన చేస్తున్నాడు.

చలికాలంలో మాకు సూర్యుడు రెండు నెలలు మొహం చూపించడు. గాలి, మంచు, ఆ పైన చీకటి. ఆ చీకట్లోనే తాత పొద్దున్నే ఇంటింటి తలుపూ కొడతాడు. జనం దీపాలార్పి నక్కుతారు.

"ఉన్నావని తెలుసులేవే బోర్గ్‌హిల్డ్. నీ పిల్లి కిటికీలోంచి నన్నే చూస్తోంది" అంటాడు. తీసేదాకా కదలడు.

ఆ ఏడు రేవు పక్క షెడ్డులోకి దక్షిణం నుంచి తీరిల్ అనే అమ్మాయి చేపల మేత మీద పరిశోధనకి వచ్చింది. రెండు తొట్లలో సాల్మన్ చేపపిల్లలు. ఒక తొట్టికి చేపనూనె మేత, రెండోదానికి ఆవమొక్కకు చుట్టమైన ఏదో మొక్క గింజల నూనె మేత. చిన్న చేపల్ని పిండి పెద్ద చేపలకు పోస్తుంటే సముద్రంలో ఏం మిగులుతుందని ఆమె బాధ. గింజల నూనెతో కూడా చేపలు బాగా పెరుగుతాయని తేలితే, వసంతానికి ఇంటికి పోవచ్చు.

తాత ఒక మేత గుళిక నోట్లో వేసుకున్నాడు. "ఇది మేత కాదు తల్లీ, సలాడ్."

"చేపలేం అనట్లేదు తాతా."

"వాటికి నోరుంది గానీ మాటుందా? ఈ చీకటిలో చేపనూనె లేకుండా ఏ ప్రాణి బతుకుతుంది?"

"నేను బతకట్లేదా?"

తాత ఆమె కళ్ల కింది నలుపు చూశాడు. బల్లమీద ముట్టని నిన్నటి రొట్టె చూశాడు. "ఏమో" అని చెంచా తీశాడు.

అప్పట్నుంచి రోజూ అందరికంటే ముందు షెడ్డుకే పోయేవాడు. సీసాలు మాత్రం తెగ ఖాళీ అవుతుండేవి. బడికీ నాకూ పడలేదు గానీ, ఒక్క అమ్మాయి అంత నూనె తాగదని నాకూ తెలుసు.

మార్చిలో చేపల పరీక్ష ఫలితాలొచ్చాయి. గింజల నూనె మేత తిన్న చేపల ఒంట్లో కూడా చేపనూనె కొవ్వే. తీరిల్ మా ఇంటికొచ్చింది.

"తాతా, రెండో తొట్టి మేతలో ఏం కలిపావు?"

"మనుషులు పారిపోతారమ్మా. చేపలు ఎక్కడికి పోతాయి?" అన్నాడు తాత నేల చూస్తూ.

"చలికాలమంతా వృథా. మళ్లీ మొదటికి. మళ్లీ ఆ చీకటి." ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. తాత చెంచా తీసి గూట్లో పెట్టేశాడు.

మర్నాడు ఆయన గది తలుపు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి బోర్గ్‌హిల్డ్ వచ్చింది, వెనకే పాస్టరుగారు, ఆ వెనక సగం దీవి. ఆఖర్న తీరిల్.

"ఏడీ మీ తాత? ఇవాళ తలుపు కొట్టలేదేం?" అంది బోర్గ్‌హిల్డ్.

"మీరు దాక్కుంటారుగా, పీడా పోయిందనుకోండి" అన్నాను.

"నోర్ముయ్. నేను వంటింట్లో కాలు విరిగి పడుంటే చూసిందెవరు? ఎంత కొట్టినా తీయకపోతే తలుపే పగలగొట్టాడు. ఆ కంపు నూనె ఎవడిక్కావాలిరా? మేం లేచామో లేదో చూసుకోడానికి అదో వంక."

"మరి నా దగ్గరికి రోజూ ముందు వచ్చేది?" అంది తీరిల్.

"చేపల కోసమనుకున్నావా పిచ్చిపిల్లా?"

"చేపల కోసం కూడానే" అన్నాను నేను. నిజం నిజమే కదా.

తీరిల్ గూట్లో చెంచా తీసుకుని, తన జేబులోంచి ఏదో సీసా తీసి, తాత గది తలుపు కొట్టింది.

"నేను లేను" అన్నాడు లోపల్నుంచి.

"ఉన్నావని తెలుసులే తాతా. తీసేదాకా కదలను."

తలుపు కొంచెం తెరుచుకుంది. తర్వాత నోరు తెరుచుకుంది. చెంచా లోపలికి పోయింది. తాత మొహం ఆనాడు ఆవలించి మింగిన పాస్టరుగారి మొహంలా అయింది.

"ఇదేం నూనె?"

"గింజలది. వచ్చే చలికాలం మళ్లీ మొదలెడుతున్నా. ఈసారి మూడో తొట్టి నువ్వే."

తాత చప్పరించాడు. "సలాడ్" అన్నాడు.

అని, మళ్లీ నోరు తెరిచాడు.