పదమూడు డిగ్రీల నేలమాళిగ

మా బాబాయి గడియారాలు బాగుచేసేవాడు. ఒట్టి పిరికి మనిషి. మెతుకు గొంతుకు అడ్డం పడుతుందేమోనని, నీళ్లగ్లాసు పక్కన లేనిదే కంచం ముందు కూర్చోడు. అలాంటాయనకు యాభై దాటాక వైన్ పిచ్చి పట్టుకుంది. రెండేళ్లపాటు ఇల్లు పీకి పందిరేసి, వంటింటి కింద పన్నెండు మెట్ల నేలమాళిగ కట్టించాడు. ఇటుక గోడలు, చెక్క అరలు, వాటిలో పడుకోబెట్టిన మూడువందల సీసాలు. సీసా పడుకుని ఉంటేనే బిరడా ఎండిపోకుండా ఉంటుందట.

ఆ తర్వాత ఆయన భయాలన్నీ కాపురం అక్కడికి మార్చాయి. లైటు ఎక్కువసేపు వెలిగితే భయం. వీధిలో లారీ వెళ్తే సీసాలు అదురుతాయని భయం. లోపల పదమూడు డిగ్రీలే ఉండాలి. రోజుకు నాలుగుసార్లు దిగి థర్మామీటర్ చూసొచ్చేవాడు. వీధిలోవాళ్లు ఆయన్ని ‘పదమూడుగారు’ అనేవారు. వంటింట్లో పిన్ని చేతిలోంచి గిన్నె జారితే చాలు, "సీసాలు, సీసాలు!" అని కేకలు పెట్టేవాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఏటా పెరటి షెడ్డులో పులియబెట్టే ద్రాక్షరసం ఆ వేడికి పాడవుతుందని, రెండు పీపాలనూ మొదటిసారి నేలమాళిగలోకి దింపించాడు. చల్లదనం పోకుండా గాలి కన్నంలో గోనెసంచి కుక్కాడు. పులిసే రసంలోంచి ప్రాణాలు తీసే గాలి వస్తుందని, దానికి వాసన ఉండదని, అది కిందనే పేరుకుంటుందని పీపాలమ్మినాయన ముందే చెప్పాడు.

"దీపం పట్టుకుని దిగండి. అది కొండెక్కిందంటే ఇంకేం చూడకుండా పైకొచ్చెయ్యండి" అన్నాడాయన.

బాబాయి ఈ మాట పిన్నికి చెప్పలేదు. చెబితే పీపాలు మర్నాడే వీధిలో ఉంటాయని ఆయన భయం. పిన్ని ఎలాగూ కిందికి దిగదు కదా అనుకున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం నా స్కూటర్ మీద బిరడాలు కొనడానికి వెళ్లాం. ఆ ఎండకు బాబాయి మనసు నిలవలేదు. కొట్టు బయటే నిలబడి పిన్నికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఒక్కసారి కిందికెళ్లి ఎన్ని డిగ్రీలుందో చూసి చెప్పవే."

"ఈ మోకాళ్లతోనా? సరే, ఉండండి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు నాకూ వినిపించింది.

"పదిహేనుందండీ. ఏంటో, ఇక్కడ ఊపిరాడ్డంలేదు."

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పీపాల్లోంచి వచ్చే గాలి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "పైకి రా! పైకొచ్చెయ్!" అని బజారంతా తిరిగి చూసేలా అరిచాడు.

"ఏంటండీ? మాట తెగిపోతోంది. అరుస్తారెందుకు? ఉండండి, చూస్తున్నా."

ఫోన్ కింద పడిన చప్పుడు. తర్వాత ఎంత పిలిచినా పలుకు లేదు.

పక్కింటి టీచరమ్మకు చేశాను, ఎత్తలేదు. స్కూటర్ తీశాను. వెనక కూర్చున్న బాబాయి నా భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుని సంగతంతా చెప్పాడు. గాలి, గోనెసంచి, దీపం. "నేనే పంపానమ్మా, నా చేతులతో నేనే" అంటూనే ఉన్నాడు. దారిలో రెండుచోట్ల బ్రేకు ఎక్కడుందో మర్చిపోయాను. ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

పిన్ని వంటింట్లో, మెట్ల తలుపు దగ్గర నేలమీద పడి ఉంది. మోకాళ్లు దోక్కుపోయాయి, పెదాలు పాలిపోయాయి. పాక్కుంటూ పైకొచ్చినట్టుంది. నేను పెరటి తలుపు బార్లా తెరిచి, ఆమెను లేపి గాలికి కూర్చోబెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచి బాబాయిని చూసింది.

"మీరలా అరిచేసరికి ఏ సీసానో కారుతోందనుకున్నా. నేల దాకా వంగి కింది అరలన్నీ చూశా. అప్పుడే కళ్లు తిరిగాయి."

బాబాయి ఆమె పాదాల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పిన్ని ఆయన తల నిమిరింది.

"ఎందుకండీ ఆ ఏడుపు? సీసా ఒక్కటీ పగల్లేదుగా" అంది.