తలుపు తట్టని పక్కింటాయన

హాలీవుడ్ పక్కనున్న బర్బాంక్‌లో వెండెల్ ప్రూట్ అంటే ఎవరికీ తెలియదు. గస్ అంటే మాత్రం పోస్టు తెచ్చేవాడు కూడా ఆగి నవ్వేవాడు. టీవీలో ఎనిమిదేళ్లుగా నడుస్తున్న ఒక కామెడీ సీరియల్లో వెండెల్‌ది పక్కింటి గస్ వేషం. తలుపు తట్టకుండా లోపలికొస్తాడు, ఫ్రిజ్ తెరుస్తాడు, దొరికింది నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అని వెళ్లిపోతాడు. రెండు నిమిషాల పని. షూటింగ్ చూడటానికొచ్చిన మూడొందల మందీ అతను తలుపు తెరవగానే చప్పట్లు కొట్టేవారు.

ఆ చప్పట్లు విని సీరియల్ తీసే కంపెనీవాళ్లకు ఆశ పుట్టింది. గస్ ఇల్లమ్ముకుని ఎక్కడో ఒహాయో రాష్ట్రానికి వెళ్లిపోయాడని పాత సీరియల్లో ఒక్క ముక్కలో తేల్చేసి, అతనికే ఒక సీరియల్ కట్టబెట్టారు.

"రెండు నిమిషాల మనిషివి, అరగంటసేపు ఏం చేస్తావ్?" అంది భార్య ఓపల్.

"గస్ సొంతింట్లో ఉంటాను."

"ఇంట్లో నిన్ను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా. నాకెప్పుడూ నవ్వు రాలేదే."

మొదటిరోజు దీపాలు వెలిగేసరికి గస్ తన సోఫాలో తాను కూర్చుని ఉన్నాడు. జనం మాత్రం తలుపువైపే చూస్తున్నారు, గస్ ఎప్పుడొస్తాడా అని. ప్రొడ్యూసర్ హర్షెల్ తల పట్టుకున్నాడు.

"ఓసారి బయటికెళ్లి రావయ్యా."

"నా ఇంట్లోంచి నేనెందుకు వెళ్లాలి?"

"చెత్త పారబోసి రా."

వెళ్లొచ్చాడు. చప్పట్లు మోగిపోయాయి. ఇక అప్పట్నించీ అరగంటలో మూడుసార్లు చెత్త పారబోశాడు, రెండుసార్లు ఉత్తరాలు తెచ్చాడు, లేని పిల్లికోసం నాలుగుసార్లు వెతికాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గాని, సొంత ఫ్రిజ్‌లో సొంత కోడికాలు తింటే నవ్వేదెవరు? ఐదోవారం రచయితలు విసిగిపోయి, గస్‌కే ఒక పక్కింటివాణ్ని తెచ్చారు. డెనీ అనే ఆ కుర్రనటుడు తలుపు తట్టకుండా వచ్చి గస్ కోడికాలు తినేశాడు. చప్పట్లన్నీ వాడికే. ఆరోవారానికి సీరియల్ ఎత్తేశారు.

వెండెల్‌కి సొంత సీరియల్ పోయినందుకు బాధ లేదు. పాత సీరియల్లోని ఆ వంటిల్లు కావాలి, అంతే.

"నా రెండు నిమిషాలు నాకిచ్చెయ్ హర్షెల్."

"అక్కడ డెనీని పెట్టేశాం. పోనీ, ఒక్క వారం చుట్టంచూపుగా రా. జనానికి నచ్చితే ఉంచుకుంటాం. కాకపోతే తలుపు తట్టాలి. ఒహాయో నుంచి వచ్చినవాడు తిన్నగా జొరబడితే ఏం బావుంటుంది?"

ఆ రోజు చెక్కతలుపు వెనక నిలబడ్డ వెండెల్‌కి లోపల డెనీ ఫ్రిజ్ తెరవడం, చప్పట్లు మోగడం వినిపించాయి. తలుపు తట్టాడు.

"ఎవరు?" అంది ఇంటావిడ వేషం వేసే ఆమె, స్క్రిప్టులో ఉన్నట్టే.

"నేను, గస్‌ని" అనాలి. ఎనిమిదేళ్లు తన ఇల్లనుకున్న ఇంట్లో తనను ఎవరని అడిగారు. కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి స్క్రిప్టులో లేకుండానే. జనం కిసుక్కుమన్నారు. మరోసారి అడిగింది. అతను పలక్కపోయేకొద్దీ వాళ్లు పడీపడీ నవ్వారు.

హర్షెల్ వెనకనుంచి వచ్చి భుజం తట్టాడు. "నిన్ను ఉంచుకుంటున్నాం. వారంవారం ఇలాగే నించో. లోపలికి మాత్రం రాకు."

వెండెల్ సరేనన్నాడు.