పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదున్నర

దుబాయ్ పోయిన మా అన్న ఏడాదికి మొదటిసారి సెలవు మీద వస్తుండు. ఇయ్యాల పెద్దపల్లిల మా వదిన టికెట్ చూసి నన్ను నిలదీసింది.

"హైదరాబాద్ నుంచి పోయేటప్పుడు రెండున్నర గంటలల్ల దిగిండు. వచ్చేటప్పుడు ఐదున్నర గంటలెందుకు? నడుమ బొంబాయిల మీ అక్క ఇంటికి పోతుండా?"

"లేదు వదినా! ఎటు పోయినా నాలుగు గంటలే. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే ఉంటది. గాడ మనకంటే గంటన్నర వెనుక."

వదిన నెత్తి కొట్టుకున్నది. "రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి తిన్నవా అంటే, ఇంకా ఆకలైతలేదంటడు. గాడ తిండి మంచిగ లేదని వాడకట్టంతా చెప్పుకుంట ఏడ్చిన గదా!"

ఆ ఏడుపు చూసి దుబాయ్‌కి పెద్ద డబ్బ నిండ మామిడి తొక్కు పంపిన మా అవ్వకు గీ సంగతి ఎవరు చెప్పాలె? మీరే చెప్పుండ్రి.