ఇంటినిండా కత్తులే

ఏలూరు తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నా చేతులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో కుంపటి రాజేసి, వడ్రంగులు అరగదీసి పారేసిన ఉక్కు ఆకురాయిని నిప్పుల్లో పెట్టి, సుత్తితో సాగగొట్టి కత్తి చేసేవాణ్ణి. ఆ ఉక్కు ఎర్రబడేదాకా ఆగడం కూడా నాకు నరకమే. ఎవరూ అడిగింది లేదు, అమ్మేదీ లేదు. ఒకటి పూర్తయ్యేసరికి దానిమీద విసుగు పుట్టేది. వెంటనే ఇంకోటి మొదలుపెట్టేవాణ్ణి.

అన్నిటికన్నా బాగా కుదిరిన కత్తికి గేదెకొమ్ము పిడి వేసి, ఒక ఆదివారం మా ఆవిడకి ఇవ్వబోయాను. కత్తి చేతికివ్వకూడదు కనుక ఆమె ముందు నేలమీద పెట్టాను. ఆమె కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, కొల్లేటి కొర్రమీనుతో కుస్తీ పడుతోంది.

"బాగుందండీ," అంది తలెత్తకుండా. "కానీ ఈ చేపని పట్టుకోవడానికే రెండు చేతులూ చాలట్లేదు. ఇంక కత్తెవరు పట్టుకుంటారండీ?"

నాకు ఒళ్ళు మండింది. "అయితే నీకేం కావాలో చెప్పు!"

"ఈ కత్తిపీటకి కాస్త పదును పెట్టండి. ఇంటినిండా కత్తులే గానీ, దీనికి వంకాయ కూడా తెగట్లేదు."

విసురుగా లాక్కుని సానరాయి మీద నూరి ఇచ్చాను. కొర్రమీను ఇట్టే తెగింది. ఆమె మొహం విప్పారింది.

పావుగంట కూడా పట్టలేదు. నా చేతులు మళ్ళీ ఖాళీ. వెళ్ళి కుంపటి రాజేశాను.