నడుస్తున్న పట్టా మీద చెయ్యి

సిరిసిల్లలో దశరథం సేటుకు మూడు చక్రాల ఫట్‌ఫటి ఉండేది. మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిల్‌కు వెనక రెండు చక్రాలు, చీరెల మూటలకు ఒక పెట్టె తగిలించిన బండి అది. ఇంజను నుంచి వెనక చక్రాలకు తోలు పట్టా. దాన్ని చూసి ఊరంతా నోరెళ్లబెట్టిన మాట నిజమే గానీ, నడిపిన పర్శరాములుకు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పర్శరాములు అంతకు ముందు సేటు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసేవాడు. సాంచకూ పట్టాయే. జారితే పట్టు దొరకడానికి గుగ్గిలం ముద్ద తీసుకుని, నడుస్తున్న పట్టాకే రుద్దాలి. సాంచ ఆపితే బట్ట తగ్గుతుంది, బట్ట తగ్గితే సేటు మొహం మాడుతుంది. ఏళ్ల తరబడి అట్లా అలవాటు పడ్డ చెయ్యి అది.

బండి అప్పగించిన రోజు కరీంనగర్ మిస్త్రీ దేవదాస్ అంతా విడమరిచి చెప్పాడు. చదునైన చోట నిలపాలి, ఇంజను బంద్ చెయ్యాలి, ముందు చక్రానికి రాళ్లు అడ్డం పెట్టాలి, వెనక భాగాన్ని దిమ్మె మీదికి ఎత్తాలి. అప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ పట్టాకు పగుళ్లున్నాయా, కుట్టు ఊడిందా అని చూసుకోవాలి. పర్శరాములు తు.చ. తప్పకుండా అట్లాగే చేసేవాడు. పక్కన సేటు లేనప్పుడు.

ఆ వానాకాలం జగిత్యాల అంగడికి పోతుంటే కొండగట్టు దగ్గర పట్టా తడిసి జారింది. ఇంజను మొత్తుకుంటోంది, బండి కదలదు. పర్శరాములు ఇంజను బంద్ చెయ్యబోతే మూటల మీద కూర్చున్న సేటు వద్దన్నాడు.

"బంద్ జెయ్యకు. జేస్తె మల్ల ఇంజను చాలూ గాదు, అంగడి దాటిపోతది. సాంచ మీద రుద్దినట్టె గుగ్గిలం రుద్దు."

రుద్దాడు. సాంచ ఉన్నచోటనే ఉంటుంది. ఈ బండి మాత్రం పట్టా పట్టు దొరకగానే ముందుకు దూకింది. కుడిచేతి నాలుగు వేళ్లు పట్టాకూ చక్రానికీ మధ్య పడి తెగిపోయాయి.

కరీంనగర్ దవాఖానలో భార్య చంద్రవ్వకు జరిగింది జరిగినట్టు చెప్పుకుని ఏడ్చాడు. తెగిన పోగు ముడివేసే వేళ్లు అవి. ఇక ఏ సాంచ మీదా ఆయనకు పని దొరకదు, ఇంట్లో పిల్లలు ఆకలికి ఆగరు. సేటే బతుకుదెరువు చూపాలని చంద్రవ్వ కులపెద్దల ముందు పంచాయతీ పెట్టించింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నడిచే పట్టాలో చెయ్యి పెట్టమని తాను అననే లేదన్నాడు సేటు, పిచ్చోడు కూడా అట్లా పెట్టడట. పెద్దలందరికీ సొంత సాంచాలున్నాయి, ఎవరూ కాదనలేదు. చంద్రవ్వ లేచి నిలబడింది.

"మీ సాంచాల కాడ నేసెటోళ్లు రోజు చేతులు పెడ్తలేరా? రేపటి సంది గా పట్టాలు ఆపి చూడుమంటరా?"

పెద్దమనిషి అంబదాస్ ఆమెను వదిలి పర్శరాములు వైపు తిరిగి, సేటు పెట్టమన్నాడా లేదా చెప్పమన్నాడు. పర్శరాములు తలెత్తలేదు. ముందు రోజే, చంద్రవ్వ ఇంట్లో లేని వేళ చూసి సేటు వచ్చాడు. పంచాయతీలో నోరు మూసుకుంటే ఆమెకు నూలు కండెలు చుట్టే పని ఇస్తానని చెవిలో ఊది పోయాడు.

"అనలే. నేనే పెట్టిన," అన్నాడు పర్శరాములు.



తెల్లారి చంద్రవ్వ సేటు షెడ్డులో పనికి చేరింది. కండెల యంత్రానికీ పట్టా ఉంది. కొత్త మనిషికి నేర్పమని సేటు పర్శరాములునే పిలిపించాడు. అంతలో పట్టా జారింది. చంద్రవ్వ బంద్ చేద్దామని మీట మీదికి చెయ్యి చాపింది. సేటు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పర్శరాములు ఎడమచేత్తో ఆమె చేతిని పక్కకు జరిపాడు.

"ఆపొద్దు," అన్నాడు. "ఆపకుంటనే చూడాలె."