పెద్దగరిటె ఉప్పు చూడటం మానేసిన సంగతి

ఆడపడుచు నోట వదిన గొప్ప కలలో కూడా వినబడదంటారు. ఇదిగో, నేను చెబుతున్నాను, వినండి. ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు కదా, ఆ హోదాలో ఇన్నేళ్లూ మా వదిన వంటకి నేను పెట్టని వంక లేదు. అన్నం మెత్తబడిందన్నాను, కూర మాడు వాసనన్నాను. ఉప్పు సరిపోయిందని మాత్రం చచ్చినా అనలేదు. అది నా హక్కు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

మా వదిన బస్సులు బాగుచేసే షెడ్డు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. మెకానిక్కులు, డ్రైవర్లు అందరూ ఆవిడని పెద్దగరిటె అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా "ఏంటిరా?" అని పలుకుతుంది. ఒంటిచేత్తో అంత గరిటె తిప్పి షెడ్డు మొత్తానికి కూర వండే మనిషి మరి. అదే వంటింట్లో నేను కూరగాయలు తరుగుతాను. అంటే ఇంట్లోనూ అక్కడా నాకు ఆవిడ మొహమే, ఆవిడకి నా నోరే.

ఒకసారి కడిగిన నేల మీద జారిపడింది వదిన. మోకాలు వాచింది, తగ్గింది, మళ్లీ వాచింది. పోనుపోను గుజ్జు అరిగిపోయి ఎముకా ఎముకా రాసుకోవడం మొదలైంది. గట్టుకి నడుము ఆనించి కొన్నాళ్లు వండింది. తర్వాత ఎత్తు స్టూలు మీద కూర్చుని వండింది. నడక తగ్గింది, ఒళ్లు పెరిగింది. ఒళ్లు పెరిగేసరికి ఆ కాస్త నడకా పోయింది.

మోకీలు మారుస్తాను కానీ ముందు బరువు తగ్గి రమ్మన్నాడు డాక్టరు. ఎంత తగ్గాలో అంకె కూడా చెప్పాడు. ఈ బరువుతో కోస్తే పుండు మానడం కష్టమన్నాడు. అదే వారం క్యాంటీన్ మేనేజరు వచ్చి, "ఏమీ అనుకోకమ్మా, నిలబడలేని మనిషిని అంత నిప్పు దగ్గర ఉంచలేను. ఏడాది చివరికల్లా ఆపరేషన్ అయితే సరే, లేకపోతే నిన్ను టోకెన్ల కిటికీ దగ్గరికి మార్చేస్తాను" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మా వదినని పొయ్యి దగ్గర్నుంచి లేపి కాగితమ్ముక్కలు చింపే పనిలో కూర్చోబెడతారట!

ఇక ఉచిత సలహాలు చూడండి. వచ్చినవాడు వచ్చినట్టే "రోజూ పొద్దున్నే నడవండి" అనేవాడు. "నడవగలిగితే నాకీ గోలెందుకురా నాయనా?" అనేది వదిన. ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అబ్బాయి ఒక్కడే బుద్ధిగా, కూర్చున్న చోటే చెయ్యదగ్గవి చూపించాడు. ఉప్పు ప్యాకెట్లు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తేది, దించేది. కాలు చాపి కాసేపు గాల్లో ఆపేది, పళ్లు బిగించి మరీ ఆపేది. అన్నం సగం చేసింది. టీలో పంచదార మానేసింది. రాత్రిపూట ఉడికించిన కూరగాయలు తిని పడుకునేది. మేమంతా కంచం నిండా పెట్టుకుని తింటుంటే చెదరని మనిషి ఆవిడ. అంత పట్టుదల నాకుంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

మొదట్లో కాస్త తగ్గింది. తర్వాత తూకం ముల్లు కదిలితే ఒట్టు! నెల తర్వాత నెల, అదే అంకె. ఆస్పత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి మెల్లిగా అడిగింది. "ఇంకేమైనా తింటున్నారా ఆంటీ?" లేదని వదిన ప్రమాణం చేసింది. ఆ పిల్ల నమ్మినట్టు తలూపింది, కాగితం మీద మాత్రం ఏదో రాసుకుంది. ఇంటికొచ్చాక మా అన్నయ్య ఏం చేశాడో తెలుసా? వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు. పైగా "నిప్పు లేందే పొగ రాదు కదా" అన్నాడు.

వదిన గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నా ఒళ్లు మండిపోయింది. వదినకి వంకలు పెట్టేది నేను. మధ్యలో వీడెవడు? "రేపు పొద్దున్నుంచి నేను వదిన పక్కనే కూర్చుంటాను. ఏం తింటుందో నా కళ్లతో చూసి వస్తాను. అప్పుడు నీ సంగతి చెబుతాను" అన్నాను అన్నయ్యతో.

అలాగే క్యాంటీన్‌లో ఆవిడ స్టూలు పక్కనే కూర్చున్నాను. పొద్దుటినుంచి వదిన నోట్లో టిఫిను తప్ప ఏమీ పడలేదు. ఉప్పు చూస్తోంది, అంతే. వంట చేసే ప్రతి ఆడదీ చూస్తుంది. గరిటెతో కాస్త తీసి అరచేతిలో వేసుకుని నాకడం, చెయ్యి తుడుచుకోవడం. ఎంత తక్కువో అన్నయ్యకి చూపిద్దామని ఒక గిన్నె తెచ్చి పెట్టుకున్నాను. ఆవిడ ఉప్పు చూసినప్పుడల్లా అంతే తీసి గిన్నెలో వేశాను. నూనె తేలే కూర చూసింది. ముక్క ఉడికిందా అని ఒక ముక్క చూసింది. పాలల్లో పంచదార చూసింది. ఉప్పు వేశాక మళ్లీ చూసింది, దించేముందు ఇంకోసారి చూసింది. సాయంత్రం వంటకి అంతా మొదటినుంచీ.

పొయ్యిలు ఆర్పేసరికి గిన్నె నిండింది. పైన నూనె తెట్టు కట్టి మెరుస్తోంది.

ఇద్దరం దానివంక చూస్తూ ఉండిపోయాం. వదిన గిన్నెని ఒకసారి చేత్తో ఎత్తి చూసింది. "చూడటం అంటారే కానీ దీన్ని తినడం అని ఎవరూ అనరే!" అంది. నిజమే కదండీ. ఉప్పు చూశాను అంటాం, రుచి చూశాను అంటాం. తిన్నానని ఏ వంటమనిషైనా అంటుందా? ఆస్పత్రి పిల్ల తిన్నవన్నీ అడిగింది, వదిన తిన్నవన్నీ చెప్పింది. ఇద్దరిదీ తప్పు లేదు.

మర్నాటినుంచి ఉప్పు చూడటం బంద్. పంతం అంటే పంతమే. కానీ, అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. చూడకుండా వేస్తే ఊరుకుంటుందా? మొదటిరోజు రెండుసార్లు పడింది. "పెద్దగరిటె, సముద్రం పక్కన వండావా?" అని అరిచాడు ఒక డ్రైవరు. వదిన మొహం మాడిపోయింది. చేతివంట మీద షెడ్డులో ఒక్క మాట పడని మనిషి, పొయ్యి నిలబెట్టుకోవడానికి ఆ మాట కూడా పడింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచింది. "ఏమే, ఇన్నేళ్లూ ఊరికే వంకలు పెట్టావు కదా. ఇప్పుడు ఉద్యోగంగా పెట్టు. నా నాలిక నువ్వే" అంది.

అలా నేను ఆవిడ నాలికనయ్యాను. ఆవిడ నా అరచేతిలో బొట్టు వేసేది, నేను నాకి చెప్పేదాన్ని. చాలకపోతే "ఊహుఁ", సరిపోతే "ఊఁ". అంతకుమించి నా నోటినుంచి రాబట్టలేకపోయింది. పోనుపోను నాకు పని తగ్గింది. ఉడుకు చప్పుడు మారడం వినేది, ఆవిరి మీదికి ముఖం వంచి వాసన పట్టేది, ఉప్పు పిడికిట్లో తూచుకుని వేసేది. ఆవిడ వేసిందంటే ఇక నేను "ఊఁ" అనడమే మిగిలింది. మొత్తానికి ఆవిడ తగ్గింది, ఆ నాకుళ్లకి నేను ఒళ్లు చేశాను. నా బట్టలు బిగుతైన రోజు ఆవిడ నవ్విన నవ్వు షెడ్డు అవతలికి వినబడింది.

ముల్లు కదిలింది. కొంచెం కొంచెంగా, మొండిగా, ఏడాది చివరికి ఇంకా వ్యవధి ఉండగానే డాక్టరు చెప్పిన అంకె దాటి కిందికి వచ్చింది. ఆస్పత్రి పిల్ల రెండుసార్లు తూచింది. "నడక లేకుండా ఎలా తగ్గారు ఆంటీ?" అని అడిగింది. "ఉప్పు చూడటం మానేశానమ్మా" అంది వదిన. ఆ పిల్లకి ముక్క అర్థం కాలేదు, నేను కూర్చోబెట్టి చెప్పాను. అన్నయ్య ఆ పూట తనే వండి వదినకి పెట్టాడు. ఘోరంగా ఉంది, అది వేరే సంగతి.

ఆపరేషన్ అయింది. వాకరుతో, తర్వాత కర్రతో, తర్వాత ఉత్త చేతులతో నడిచింది. డాక్టరు సరేనన్నాక పెద్దగరిటె మళ్లీ వంటింట్లోకి వచ్చింది. స్టూలుని కాలితో పక్కకి నెట్టింది, ఆ కొత్త మోకాలున్న కాలితోనే. గుమ్మంలో మేనేజరు, కిటికీలోంచి మెకానిక్కులు చూస్తున్నారు. రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి కూర కలిపింది, ఉప్పు వేసింది, ఆవిరి వాసన చూసింది. గరిటెలోంచి ఒక బొట్టు అలవాటుగా నా అరచేతిలో వేసి, నా "ఊఁ" కోసం చూసింది.

నేను నాకాను. గర్వం అంటే అలా పొంగుతుందని నాకు తెలీదు.

"ఉప్పు సరిపోయింది వదినా" అన్నాను.

గరిటె ఆగిపోయింది. "ఏంటీ? ఏమన్నావు? మళ్లీ అను."

మళ్లీ అన్నాను. ఈసారి షెడ్డు చివర బస్సు కింద పడుకున్నవాడికి కూడా వినబడేలా అన్నాను.